మాల్కో తర్నోవో, సరిహద్దు అడవిలోని చిన్న మునిసిపాలిటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్కో తర్నోవో ఎక్కడుంది?

బల్గేరియా పటంలో కుడిచేతి వైపు అడుగున, టర్కీని ఆనుకుని ఉన్న మూల ఇది. దేశంలో 28 జిల్లాలు, వాటిలో 265 మునిసిపాలిటీలు ఉన్నాయి. బుర్గాస్ జిల్లాలోని 13 మునిసిపాలిటీల్లో మాల్కో తర్నోవో ఒకటి. దక్షిణాన టర్కీ, తూర్పున త్సారెవో, ఉత్తరాన, పడమరన సోజోపొల్, స్రెదెత్స్ మునిసిపాలిటీలు. నల్ల సముద్రం గాలి తగిలేంత దగ్గరే గాని, సముద్రతీరం మాత్రం ఒక్క మీటరు కూడా దీని వాటాకు రాలేదు. ఇసుక తిన్నెలు, హోటళ్లు, వేసవి జనం అంతా పొరుగువాళ్లకు పోయి, దీనికి కొండలూ అడవీ మిగిలాయి. ఈ ప్రాంత జనాభా కథలో సగం ఈ పంపకంలోనే ఉంది. మిగతా సగం కింద వస్తుంది.

మునిసిపాలిటీ అంటున్నారు, ఇది పట్టణమా?

తెలుగు పాఠకులకు ముందు ఈ చిక్కు విప్పాలి. మనకు మునిసిపాలిటీ అంటే పట్టణపాలక సంస్థ. దాని హద్దు దాటితే పంచాయతీ. బల్గేరియన్లు 'ఒబ్ష్తినా' అనేది అలా ఉండదు. ఒక కేంద్రం, దాని చుట్టూ ఉన్న ఊళ్లు, ఆ ఊళ్ల మధ్య పొలాలు, అడవులు, కొండలు అన్నీ కలిసి ఒక ఒబ్ష్తినా. మన మండలాన్ని ఊహించుకుంటే దగ్గరగా వస్తుంది. తేడా ఏమిటంటే, ఒబ్ష్తినాకు నేరుగా ఎన్నికైన మేయరు, నాలుగేళ్ల కాలపరిమితి ఉన్న కౌన్సిలు ఉంటాయి. ఐదు వేల లోపు జనం ఉన్నచోట కౌన్సిలులో 11 మంది సభ్యులు. మాల్కో తర్నోవోలో ఒక పట్టణం, 12 గ్రామాలు ఉన్నాయి. ఆ పట్టణాన్ని చూస్తే మనవాళ్లు పట్టణమని ఒప్పుకుంటారా అన్నది అనుమానమే.

ఆ పేరుకు అర్థం ఏమిటి?

'మాల్కో' అంటే చిన్న, 'వెలికో' అంటే పెద్ద, గొప్ప. దేశం నడిమధ్యలో పాత రాజధాని వెలికో తర్నోవో ఉంది. ఇది చిన్న తర్నోవో. మన దగ్గర పెదకాకాని, చినకాకాని ఉన్నట్టే అనుకోండి, కాకపోతే వీటి మధ్య దూరం చాలా ఎక్కువ. పెద్ద తర్నోవో తురుష్కుల వశమైనప్పుడు అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఈ ఊరు కట్టారని ఒక ఐతిహ్యం. ఊరి పేర్ల వెనక ఇలాంటి కథలు ఎక్కడైనా పుడతాయి కనుక దీన్ని కథగానే తీసుకోవడం మంచిది.

విస్తీర్ణం ఎంత, జనాభా ఎంత?

విస్తీర్ణం ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. 2011 జనగణన నాటికే జనాభా నాలుగు వేలకు దిగువన ఉంది; ఇప్పుడు మూడు వేల చుట్టుపక్కల. వాళ్లలోనూ ఎక్కువమంది ఉండేది పట్టణంలోనే. హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉండేంత జనం అంత నేల మీద పరుచుకుని ఉన్నారన్నమాట. చదరపు కిలోమీటరుకు నలుగురు. బల్గేరియా సగటు దాదాపు 59, ఆంధ్రప్రదేశ్‌లో అది మూడు వందలు దాటుతుంది. ఆ నలుగురు కూడా సమానంగా లేరు. పట్టణాన్ని పక్కనపెట్టి లెక్కిస్తే, గ్రామాల వైపు చదరపు కిలోమీటరుకు ఇద్దరు దొరకడం కూడా కష్టం.

జనాభా సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు కనిపిస్తుంది?

లెక్కలు రెండు రకాలు కాబట్టి. జాతీయ గణాంక సంస్థ జనగణనలో ఉంటున్నవాళ్లను లెక్కిస్తుంది. 'గ్రావో' అనే పౌర నమోదు వ్యవస్థ మాత్రం ఎవరి చిరునామా ఎక్కడ నమోదై ఉందో చెబుతుంది. బుర్గాస్‌లో ఉద్యోగం చేస్తున్నవాడు, జర్మనీకి వెళ్లి పదేళ్లయినవాడు కూడా ఆ రెండో లెక్కలో ఊరివాడే. అందుకే గ్రావో సంఖ్య ఎప్పుడూ కాస్త పుష్టిగా ఉంటుంది. మన పల్లెల్లో రేషను కార్డుల సంఖ్యకూ సాయంత్రం వెలిగే దీపాల సంఖ్యకూ ఉండే తేడా లాంటిదే ఇదీ. ఊళ్లో నిజంగా ఎవరున్నారో తెలియాలంటే జనగణననే నమ్మాలి. అప్పుడు కూడా వేసవిలో కనిపించే జనాన్ని, జనవరిలో కనిపించే జనాన్ని ఒకటిగా అనుకోకూడదు.

ఆ పన్నెండు గ్రామాలు ఏవి?

బ్రష్లియాన్, గ్రమతికోవో, జ్వెజ్‌దెత్స్, స్తోయిలోవో, జబెర్నోవో, స్లివారోవో, ఎవ్రెనోజోవో, బ్యాలా వోదా, కాలోవో, విజిత్సా, మ్లాదెష్కో, బ్లిజ్నాక్. బ్యాలా వోదా అంటే తెల్లనీళ్లు, బ్లిజ్నాక్ అంటే కవల. బ్రష్లియాన్ అంటే గోడల మీద పాకే ఒక పచ్చని తీగ. ఒట్టోమన్ (టర్కీ సుల్తానుల) కాలంలో ఆ ఊరికి సర్మషిక్ అనే పేరుండేది, టర్కీ భాషలో దాని అర్థం కూడా ఆ తీగే. పాలకులు మారారు, భాష మారింది, తీగ మాత్రం గోడ దిగలేదు. జ్వెజ్‌దెత్స్, గ్రమతికోవో కొంచెం పెద్ద ఊళ్లు. స్లివారోవోలో శాశ్వతంగా ఉండేవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇది పర్వత ప్రాంతమేనా?

స్త్రాంజా అనే పర్వతం ఇది. హిమాలయాల బొమ్మ మనసులో ఉన్నవాళ్లు నిరాశపడతారు. బల్గేరియా వైపు ఎత్తయిన శిఖరం గొల్యామో గ్రాదిష్తే 710 మీటర్లే. అది ఈ మునిసిపాలిటీలోనే, సరిహద్దు గీత పక్కనే ఉంది. టర్కీ వైపున్న మహ్యా శిఖరం మాత్రం వెయ్యి మీటర్లు దాటుతుంది. అక్కడ ఈ పర్వతాన్ని యిల్దిజ్, అంటే నక్షత్ర పర్వతాలు అంటారు. గుండ్రటి మెత్తని కొండలు, వాటి మధ్య లోతుగా కోసుకుపోయిన లోయలు. మీదినుంచి చూస్తే అడవి అలలు అలలుగా కనిపిస్తుందే తప్ప కొండ కొమ్ములు కనిపించవు.

వాతావరణం ఎలా ఉంటుంది?

బల్గేరియాలో చాలాచోట్ల వానలు వేసవి మొదట్లో ఎక్కువ. ఇక్కడ మధ్యధరా సముద్రపు ప్రభావం వల్ల శరదృతువు చివర, శీతాకాలంలో ఎక్కువ పడతాయి. పట్టణం దగ్గర ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు దగ్గరగా వర్షపాతం ఉంటుంది. ఇంత తక్కువ ఎత్తున్న చోటికి ఆ దేశంలో అది బాగా ఎక్కువే. సముద్రం దగ్గర కావడంతో చలి మరీ ముదరదు, లోయల్లో తేమ నిలుస్తుంది.

నదులున్నాయా?

రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి వెలేకా. టర్కీలో పుట్టి, 147 కిలోమీటర్ల ప్రయాణంలో 123 బల్గేరియాలో సాగి, సినెమోరెత్స్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడ నదికీ సముద్రానికీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక నాలుక ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. ఆ నీళ్లు వచ్చేది మాల్కో తర్నోవో అడవుల్లోంచి.

రెండోది రెజోవ్‌స్కా. ఇది 112 కిలోమీటర్లు; తన దారిలో చాలా భాగం బల్గేరియా, టర్కీల మధ్య సరిహద్దుగా పారుతుంది. ఒక ఒడ్డున ఒక దేశం, ఇంకో ఒడ్డున ఇంకో దేశం. మనుషులు దిగని నది కావడంతో దాని ఒడ్డున అడవి అంత చిక్కగా నిలిచింది.

ఈ అడవి ప్రత్యేకత ఏమిటి?

మంచుయుగాల్లో యూరప్‌లో చాలా భాగం చలికి బిగుసుకుపోయినప్పుడు స్త్రాంజా వాటి బారిన పడలేదు. దాంతో వేరేచోట్ల ఎప్పుడో అంతరించిన చెట్లు ఇక్కడ బతికిపోయాయి. వాటి దగ్గరి బంధువులను చూడాలంటే నల్ల సముద్రానికి ఆ చివరన ఉన్న కాకసస్ కొండలకు వెళ్లాలి. తూర్పు దేశపు 'బీచ్' అనే చెట్టు (సముద్రపు బీచ్‌తో సంబంధం లేదు), కాకసస్ బ్లూబెర్రీ, స్త్రాంజా ఓక్ ఈ కోవలోవే.

అన్నిటికన్నా పేరున్నది 'జెలెనికా', అంటే ఊదారంగు పూల రోడోడెండ్రాన్. ఆకురాల్చే బీచ్ చెట్ల నీడలో, ఏడాదంతా పచ్చగా ఉండే పొదలు మనిషెత్తు దాటి పెరుగుతాయి. మే నెలలో లోయలు ఊదారంగుకు తిరుగుతాయి. యూరప్ ఖండంలో ఈ మొక్క సహజంగా పెరిగే మరో చోటు స్పెయిన్, పోర్చుగల్ వైపు, అంటే ఖండానికి ఆ కొసన. మధ్యలో వేల కిలోమీటర్ల ఖాళీ. బెంగళూరు తోటల్లో రోడోడెండ్రాన్‌ను కుండీలో పెంచి మురిసేవాళ్లకు ఈ లోయలు కాస్త అసూయ కలిగించవచ్చు.

తేనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 'మానోవ్ మెద్' అనే స్త్రాంజా తేనె పూలది అనుకుంటే పొరపాటు. ఓక్ ఆకుల మీద చిన్నపురుగులు వదిలే తీపి జిగురును తేనెటీగలు సేకరించి చేస్తాయి. నల్లగా, చిక్కగా ఉంటుంది, త్వరగా గడ్డకట్టదు. ఐరోపా సమాఖ్య దీనికి రక్షిత ప్రాంతనామం ఇచ్చింది.

అడవి రక్షణలో ఉందా?

ఉంది. 1995 జనవరిలో ఏర్పాటైన స్త్రాంజా ప్రకృతి పార్కు విస్తీర్ణం 1161 చదరపు కిలోమీటర్లు. బల్గేరియాలోని రక్షిత ప్రాంతాల్లో అతి పెద్దది; దేశం మొత్తంలో నూటికి ఒక వంతు. పార్కు కార్యాలయం మాల్కో తర్నోవోలోనే ఉంది. లోపల ఇంకా కఠినమైన అభయారణ్యాలు ఉన్నాయి. వాటిలో ఉజున్‌బోజాక్‌ను యునెస్కో 1977లోనే జీవావరణ నిలయాల జాబితాలో చేర్చింది.

పార్కు బతికి బట్టకట్టింది తేలిగ్గా కాదు. 2007లో సముద్రతీరంలో నిర్మాణాల గొడవ కోర్టుకెక్కి, పార్కు ప్రకటనే చెల్లదని తీర్పు వచ్చింది. జనం వీధుల్లోకి వచ్చారు. పార్లమెంటు చట్టాన్ని సవరించి పార్కును నిలబెట్టాల్సి వచ్చింది. ఆ వివాదం పుట్టింది తీరం ఉన్న పొరుగు మునిసిపాలిటీలో. తీరం లేకపోవడం మాల్కో తర్నోవోకు ఒక విధంగా మేలే చేసిందని నాకనిపిస్తుంది, కౌన్సిలు ఖజానా ఆ మాట ఒప్పుకోకపోయినా.

పులులు ఉంటాయా?

పులుల్లేవు. నక్కజాతికి చెందిన బంగారు రంగు జాకాల్‌లు మాత్రం లెక్కకు మిక్కిలి. రాత్రిళ్లు వాటి ఊళలు వినిపిస్తాయి. అడవి పందులు, జింకలు, తాబేళ్లు, నల్లకొంగలు ఉన్నాయి. వలసపక్షులు నల్లసముద్రపు పడమటి తీరం వెంట సాగే దారి ఈ ప్రాంతానికి పక్కనే.

జనం ఇంత తక్కువ ఎందుకు? ఎప్పుడూ ఇలాగే ఉండేదా?

ఎప్పుడూ ఇలా లేదు. ఇక్కడ జనాభాను పొలాలు, కరవులు నిర్ణయించినదాని కన్నా సరిహద్దు గీత నిర్ణయించింది ఎక్కువ.

బల్గేరియాలో చాలాభాగం 1878లో ఒట్టోమన్ పాలన నుంచి బయటపడింది. స్త్రాంజా మాత్రం 1912 దాకా సుల్తాను కిందే ఉండిపోయింది. 1903 జులైలో స్తోయిలోవో దగ్గర వెలేకా నదికి ఎగువన ఉన్న పెత్రోవా నీవా అనే చోట తిరుగుబాటుదారులు రహస్యంగా సమావేశమయ్యారు. 'నీవా' అంటే పొలం. పేరుకు అది పెత్రో అనేవాడి చేను, కాని ఆ దేశపు బడిపిల్లలందరికీ తెలిసిన చోటు. మిహయిల్ గెర్జికోవ్, స్తమత్ ఇకోనోమోవ్, గియోర్గి కొందోలోవ్ నాయకులు. ఆగస్టు 19న, క్రైస్తవుల రూపాంతర పండుగనాడు, తిరుగుబాటు మొదలైంది. సుమారు మూడు వారాలు కొండల్లో సుల్తాను మాట చెల్లలేదు. దాన్నే స్త్రాంజా రిపబ్లిక్ అంటారు. ఆ పైన సైన్యం వచ్చింది, ఊళ్లు తగలబడ్డాయి, వేలమంది కొండలు దాటి బల్గేరియాలోకి పారిపోయారు.

బాల్కన్ యుద్ధాలు ముగిసిన 1913లో గీత మళ్లీ గీశారు. మాల్కో తర్నోవో బల్గేరియాకు వచ్చింది. దాని చుట్టుపక్కల సంతలకు, పెళ్లిసంబంధాలకు అలవాటైన దక్షిణపు ఊళ్లు అటు మిగిలాయి. అటునుంచి బల్గేరియన్లు ఇటు వచ్చారు, ఇటునుంచి టర్కులు, ఆ తరువాత గ్రీకులు వెళ్లిపోయారు. ఒక ప్రాంతానికి కేంద్రంగా ఉన్న ఊరు ఒక్కసారిగా రోడ్డు ఆగిపోయే చివరి ఊరైంది.

తరువాత ప్రచ్ఛన్నయుద్ధం. టర్కీ నాటోలో, బల్గేరియా సోవియట్ కూటమిలో. మాల్కో తర్నోవో రెండు ప్రపంచాల మధ్య అతుకు మీద పడింది. ఇక్కడికి రావాలంటే బల్గేరియన్ పౌరుడికైనా 'ఒత్క్రిత్ లిస్త్' అనే అనుమతి కాగితం కావాల్సి వచ్చేది. ముళ్లకంచెను అసలు సరిహద్దుకు కొన్ని కిలోమీటర్లు ఇవతలే వేశారు. కంచె దాటినవాడు దేశం దాటేశానని అనుకుని ఊపిరి పీల్చుకునేలోపు పట్టుబడేవాడు. తూర్పు జర్మనీ నుంచి ఈ దారిన తప్పించుకోవాలని వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ప్రభుత్వం జనాన్ని తిరిగి తేవడానికి ఏమైనా చేసిందా?

చేసింది, ఆర్భాటంగానే. 1982లో అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వపు రాజ్య మండలి 22వ నంబరు ఉత్తర్వుతో స్త్రాంజా, సకార్ ప్రాంతాలకు ప్రత్యేక పథకం ప్రకటించింది. దానికి 'యువతరం రిపబ్లిక్' అని నినాదం కట్టారు. వచ్చి స్థిరపడేవాళ్లకు ఎక్కువ జీతం, ఇంటికి చౌక అప్పు. దేశం నలుమూలల నుంచి యువ దంపతులు వచ్చారు. రాగి గనులు, అటవీశాఖ, సరిహద్దు దళం అప్పట్లో పని కల్పించేవి.

1989లో కమ్యూనిస్టు వ్యవస్థ కూలింది. రాయితీలు ఆగాయి, గని 1990లలో మూతపడింది, సైనికులు తగ్గారు. డబ్బు కోసం వచ్చినవాళ్లు డబ్బు ఉన్నచోటికి వెళ్లారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. 2007లో ఐరోపా సమాఖ్యలో చేరాక తలుపులు ఇంకా బార్లా తెరుచుకున్నాయి. దేశం మొత్తమే పలచబడింది: 1985లో 89,48,649 ఉన్న జనాభా 2021 జనగణనకు 65,19,789కి దిగింది. అందులో అరవై అయిదు దాటినవాళ్లు దాదాపు నాలుగో వంతు. ఆ సగటు మాల్కో తర్నోవో గ్రామాల కంటే నగరాలకే బాగా వర్తిస్తుంది. ఇక్కడ ముసలివాళ్ల పాలు ఇంకా ఎక్కువ.

ఇప్పుడున్నవాళ్లు ఏం చేసి బతుకుతారు?

అటవీ పనులు, కలప, పశువులు, తేనె, మునిసిపాలిటీ ఉద్యోగాలు, సరిహద్దు పోలీసు, కొంచెం పర్యాటకం. కట్టెను మట్టితో కప్పి నెమ్మదిగా కాల్చి బొగ్గు చేయడం ఇక్కడి పాత వృత్తి. సరిహద్దు చెక్‌పోస్టు మీదుగా టర్కీకి వెళ్లే లారీలు, కార్లు పట్టణం పక్కనుంచే పోతాయి, ఎక్కువభాగం ఆగకుండానే.

నిప్పుల మీద నడిచే ఊరు ఇదేనా?

కాదు, ఈ పొరపాటు అందరూ చేస్తారు. నిప్పుల మీద నడిచే 'నెస్తినార్‌స్త్వో' బల్గరి అనే ఊరిలో జరుగుతుంది; అది స్త్రాంజాలోనే ఉన్నా, పొరుగు త్సారెవో మునిసిపాలిటీలోది. జూన్ 3, 4 తేదీల్లో సెయింట్ కాన్‌స్టంటైన్, సెయింట్ హెలెనాల పండుగకు, విగ్రహపటాలు చేతబట్టి నిప్పులమీద నాట్యమాడతారు. 2009లో యునెస్కో జాబితాకెక్కింది. మన అగ్నిగుండాలు చూసినవాళ్లకు దృశ్యం కొత్తగా అనిపించకపోవచ్చు. డోలు, సన్నాయి లాంటి వాద్యం కూడా వెంట ఉంటాయి. రెండింటికీ చుట్టరికం కలిపే తొందర మాత్రం వద్దు.

ఈజిప్టు దేవత సమాధి ఉందంటారు, నిజమా?

గొల్యామో గ్రాదిష్తే కొండలో బాస్తెత్ అనే పిల్లి దేవత సమాధి ఉందని, 1981లో ఉన్నతస్థాయి వాళ్లు రహస్యంగా తవ్వించారని, భవిష్యత్తు చెబుతుందని పేరుపడ్డ వంగా అనే ఆమె చెప్పిందని కథ. టెలివిజన్‌కు భలే పనికొచ్చే సరుకు. అదే కొండ పాదం వద్ద నిజమైన అద్భుతం ఒకటుంది, దాన్ని ఎవరూ అంతగా అడగరు: మీష్కోవా నీవా. ఇక్కడి ప్రాచీన జాతి థ్రేసియన్లు పాలరాతి దిమ్మెలతో కట్టిన గుమ్మటపు సమాధి అది. పట్టణానికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. చుట్టూ ఇంకా చాలా సమాధి దిబ్బలున్నాయి. రెండు వేల ఏళ్ల కిందట ఈ అడవిలో ఇప్పటికన్నా సందడి ఎక్కువగా ఉండేదేమో.

ఎలా వెళ్లాలి?

విమానంలో బుర్గాస్, అక్కడి నుంచి దక్షిణంగా రోడ్డు మీద దాదాపు 75 కిలోమీటర్లు. రైలు లేదు. రోడ్డు అడవిలో మెలికలు తిరుగుతుంది, తొందరపడకూడదు. బల్గేరియా 2025 జనవరి 1 నుంచి షెంగెన్‌లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమిలో) పూర్తి సభ్యురాలు కావడంతో భారతీయులకు షెంగెన్ వీసా సరిపోతుంది. 2026 జనవరి 1 నుంచి యూరో చెల్లుతుంది. మాల్కో తర్నోవో దాటితే షెంగెన్ అయిపోతుంది. టర్కీకి వేరే వీసా కావాలి. అడవిలో నడిచేవాళ్లు గుర్తింపు పత్రం జేబులో ఉంచుకోవాలి. వలసదారులను ఆపడానికి 2014 నుంచి కట్టిన కొత్త కంచె, గస్తీ రెండూ ఉన్నాయి.

ఖాళీ అయిన ఇళ్లు ఏమవుతున్నాయి?

బ్రష్లియాన్ వెళ్తే ఒక జవాబు దొరుకుతుంది. కింద రాతిగోడ, పైన ఓక్ పలకలు తొడిగిన పాత స్త్రాంజా ఇళ్లున్న ఆ ఊరిని 1982లో పాత కట్టడాల రక్షిత గ్రామంగా ప్రకటించారు. కొన్ని ఇళ్లు అతిథి గృహాలయ్యాయి, కొన్నింటిని బుర్గాస్, సోఫియా వాళ్లు కొని శనివారాల్లో వచ్చిపోతున్నారు. స్లివారోవో వంటి చోట జవాబు వేరు. పైకప్పు పెంకులు జారతాయి, రెండు శీతాకాలాల్లో దూలం నానుతుంది, పెరట్లోంచి అడవి నడుచుకుంటూ వస్తుంది. ఒక తరం గడిచేసరికి ఇల్లు ఎక్కడుండేదో చెప్పడానికి, ఎవరో నాటిన రేగుచెట్టో, వాకిట్లోని బావి రాయో ఆనవాలుగా మిగులుతుంది.